నట్టల మందు తాపిన చెయ్యి

మా బావ ఆ మాట అన్నప్పుడు దొడ్డి దగ్గర ఆరేడుగురు ఉన్నారు. ఎవరు నవ్వారో, ఎవరు నవ్వు ఆపుకోవడానికి కండువాతో మొహం తుడుచుకున్నారో నాకు ఇప్పటికీ గుర్తే. బావంటే నా భర్తకు అన్న. ఆయన ఆ మాట నాతో అనలేదు. నేను మందు సీసా పట్టుకుని రెండు మూరల దూరంలో నిలబడి ఉంటే, నన్ను దాటి నా భర్తతో అన్నాడు.

"ఏమప్పా, నీ పెండ్లాం చేతి వాసి మంచిది కాదప్పా. అదే మందు, అదే సీసా. నేను తాపితే గొర్లు ఎగిరి దుంకుతాండాయి, ఆమె తాపితే పండుకుంటాండాయి. ఇంగ ఆమెను మందు ముట్టనీవద్దు."

నా భర్త ఏమీ అనలేదు. అది కూడా గుర్తే.

చేతి వాసి అనేది మా కోయిలకుంట్ల వైపు చిన్న మాట కాదు. సూది వేయించుకోవాలంటే పెద్ద చదువు చదివిన డాక్టరును దాటుకుని, చేతి వాసి ఉన్న ఇంకో డాక్టరు దగ్గరికి పోతారు. శనగ విత్తేటప్పుడు మొదటి పిడికిలి ఎవరి చేత వేయించాలి, ఊరగాయ జాడీలో మొదట ఎవరు చెయ్యి పెట్టాలి అని చూస్తారు. ఒకసారి చెయ్యి మంచిది కాదని పేరు పడితే ఎవరూ తిట్టరు, ఊరికే పిలవడం మానేస్తారు. బావ ఆ మాట అన్న ఏడాది మా వీధిలో ముగ్గురి ఇళ్ళలో మామిడికాయ పెట్టారు. ముగ్గురూ ప్రతిసారీ నన్ను పిలిచేవాళ్ళే. ఆ ఏడాది కారం వాసన మాత్రం మా ఇంటిదాకా వచ్చింది.

ఇంతకీ ఆ గొర్రెలు ఎవరివి? నావి. భూమి నా భర్త పేరా బావ పేరా ఉంది. ఇల్లు మా మామ పేరు మీదే ఇంకా మిగిలి ఉంది. గొర్రెలు మాత్రం నావి. మొదటి కాన్పు అయ్యి పుట్టింటి నుంచి తిరిగి వచ్చేటప్పుడు మా అమ్మ రెండు ఆడ గొర్రెపిల్లల్ని తాడు కట్టి నాతో పంపింది. అవి ఈని, వాటి పిల్లలు ఈని, ఈ ఇన్నేళ్ళలో ముప్పైకి దగ్గరగా పెరిగాయి. బావ మంద నా మందకు మూడింతలు ఉంటుంది. రెండు మందలనూ ఒకే చేనులో కట్టేవాళ్ళం, మధ్యలో ఒక వల అడ్డం. మేత ఒక్కటే, నీళ్ళు ఒక్కటే. వానలు పడగానే పశువుల ఆసుపత్రి వాళ్ళు ఊరికి తెచ్చి ఇచ్చే నట్టల మందు కూడా ఒక్కటే. నట్టలంటే గొర్రెల కడుపులో చేరి రక్తం తాగే పురుగులు. కాలువకు నీళ్ళు వదిలాక గట్టు మీద పచ్చిక లేస్తుంది. ఆ పచ్చికతోపాటే నట్టలూ లోపలికి పోతాయి.

బావ మందు తాపే తీరు నేను ఎన్నోసార్లు చూశాను. తెల్లారగానే వస్తాడు. దొడ్డి తెరవడు, మేత వేయడు. ఒక్కొక్క దాని దవడ పట్టి, నాలుక వెనక దాకా గొట్టం దూర్చి, ఒక్క ఒత్తు ఒత్తి, మోకాలితో అవతలికి నెడతాడు. కొంత మందు బయటికి కారుతుంది. కారితే కారిందంటాడు. టీ హోటలు దగ్గర ఆయన కోసం పేక ముక్కలు ఎదురుచూస్తుంటాయి, అంతే సంగతి.

నేను అట్లా చేసేదాన్ని కాను. ఏ డాక్టరు చీటీ మీద చూసినా మాత్రలు తిన్నాక వేసుకోమనే రాసి ఉంటుంది. మనిషికి లేని ఓర్పు నోరు లేని జీవానికి ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ముందు అవిసె కొమ్మలు కొట్టుకొచ్చి కడుపునిండా వేసేదాన్ని. తర్వాత మైలుతుత్తం పలచగా కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి, ఒక్కొక్క దాని నోట్లో తడి చేసేదాన్ని. అది మా అమ్మ నేర్పిన పని. ఆ చేదు తగిలితే గొర్రె గుటుక్కున మింగుతుంది, చుక్క కూడా కక్కదు. ఆ తర్వాతే మందు. నాకు పూట పట్టేది. నడుము పట్టేసేది. కానీ ఒక్క చుక్క నేల మీద పడేది కాదు.

అయినా నావే పడుకునేవి. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడేది. కంటి రెప్ప తిప్పి చూస్తే లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేది. ఆ ఏడాది కార్తీకంలో నా మందలో అన్నిటికంటే పెద్దది, నల్ల ముఖం గొర్రె, నీళ్ళ తొట్టి దగ్గర పడి మళ్ళీ లేవలేదు. మా అమ్మ ఇచ్చిన రెండింటిలో ఒకదానికి అది మనవరాలు. దాన్ని తీసుకుపోవడానికి మనిషి వచ్చేలోపే బావ తన పొట్టేలును వల అవతలికి తోలేసుకున్నాడు. "రోగిష్టి మందలోకి నా పొట్టేలును వదల్ను" అన్నాడు. పొట్టేలు దాటకపోతే గొర్రెలు చూలు కట్టవు. చూలు కట్టకపోతే అది మంద కానే కాదు.

ఆ వారమే నందికొట్కూరు నుంచి గొర్రెల వ్యాపారి వచ్చాడు. నేను కాలువ దగ్గర బట్టలు ఉతుకుతున్నాను. నేను ఇంటికి వచ్చేసరికి మాట అయిపోయింది. మొత్తం మంద ఇచ్చేస్తామని, నెలన్నర తిరిగేలోపు వచ్చి తోలుకుపొమ్మని నా భర్త చెప్పేశాడు.

"నా గొర్లను అమ్మేదానికి నువ్వెవరప్పా?" అని అడిగాను.

"ఒగొగటి సస్తాంటే చూస్తా కూసుంటామా? పానం ఉన్నప్పుడే పోనీ."

"ఎవరు చెప్పినారు నీకు? మీ అన్నేనా?"

"అన్న చెప్పినా, నేను చెప్పినా ఒగటే కదా."

ఒకటి కాదు. కానీ ఆ రోజు దాని మీద గొడవ పెట్టుకోలేదు. నాకు అంతకంటే పెద్ద గొడవ ఒకటి కనిపించింది. నా చేతిలో తప్పు లేదు, మేతలో తప్పు లేదు. మిగిలింది మందే. మందు నకిలీదై ఉండాలి. బావ మందకు పని చేసిందే, మరి అది ఎట్లా అని అడుగుతారేమో. ఆయన సీసాలు మంచి పెట్టెలోవి, నావి చెడ్డ పెట్టెలోవి అయి ఉండవచ్చు అనుకున్నాను. పంచేటప్పుడు నన్ను చివర నిలబెట్టడం వాళ్ళకు అలవాటే.

నేను పదో తరగతి దాకా చదివాను. అర్జీ రాయడం నాకు వచ్చు. మండలంలోని పశువుల ఆసుపత్రికి పోయి ఇచ్చాను. అక్కడ బల్ల దగ్గర కూర్చునే అతను చదివి, "ఊరికే ఇచ్చినా తప్పులు పడతాండారే!" అని పక్కనున్న వాడితో అన్నాడు. ఊరికే ఇచ్చినది పని చేయకపోతే పోయేది నా గొర్రె, ఆయనది కాదు. ఇంకో అర్జీ రాసి పై ఆఫీసుకు పంపాను. వారం చూశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. మా ఊరి దగ్గర బస్సు ఆపడం లేదని డిపోకు ఏళ్ళ తరబడి రాస్తున్నదాన్ని. ఇది నాకొక లెక్కా?

చివరికి ఒక పొద్దున స్కూటీ మీద ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, బద్వేలు వైపు పిల్ల. కొత్తగా చేరిందట. దిగీ దిగగానే, "అర్జీ రాసింది నువ్వేనామ్మా? మూడూ చదివినా. చేతిరాత బాగుండాది" అంది. పొగడ్తకు పడిపోయే మనిషిని కాను. "చేతిరాత చూసేదానికి ఇంత దూరం వచ్చినావా మేడం?" అన్నాను. ఆమె నవ్వి చేతికి తొడుగు వేసుకుంది.

కంటి రెప్పలు తిప్పి చూసింది. గొర్రెల వెనక నిలబడి పేడ పట్టి చిన్న డబ్బాల్లో వేసుకుంది. నా మందది మాత్రమే కాదు, బావ మందది కూడా పట్టమని నేను పట్టుబట్టాను, పట్టింది. మందు సీసా మీది అక్షరాలన్నీ చదివింది. "మందు మంచిదేమ్మా" అంది. నేను మళ్ళీ మొదలుపెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు ఎట్ల తాపుతాండావో నాకు ఒగసారి చేసి చూపీ. మందు బదులు నీళ్ళతో చెయ్యి" అంది.

ఇన్నేళ్ళలో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. నా చేతిని తప్పు పట్టిన వాళ్ళలో ఒక్కరు కూడా అది ఏం చేస్తుందో చూపించమనలేదు.

చేసి చూపించాను. అవిసె వేశాను. తిన్నాక గుడ్డ ముంచి నోరు తడిపాను. గొట్టంతో నీళ్ళు పోశాను. చుక్క కారలేదు. తిరిగి చూస్తే డాక్టరమ్మ నీళ్ళ తొట్టి అంచున కూర్చుని తల పట్టుకుని ఉంది.

"ఏమైంది మేడం?"

"అమ్మా, నీ అంత బాగా ఎవురూ చెయ్యరు. అదే గదా తంటా!" అని నవ్వింది.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. కానీ తర్వాత ఆమె చెప్పిన సంగతి వినక తప్పలేదు.

గొర్రెకూ ఆవుకూ పొట్ట ఒకటి కాదు, నాలుగు అరలు. మొదటిది పెద్దది, మేతంతా దాంట్లోనే నానుతుంది. ఈ మందు నీళ్ళలో తొందరగా కరిగేది కాదు. పెద్ద పొట్టలో మేతకు అంటుకుని ఉండి, కొంచెం కొంచెంగా వదులుతూ, కొంత రక్తంలోకి, కొంత కింది పొట్టల్లోకి పోతూ ఉండాలి. ఎంతసేపు నిలిస్తే అంత పని చేస్తుంది. "ఆ పెద్ద పొట్టను చెరువనుకో" అంది. "నువ్వు కడుపునిండా పచ్చిమేత పెట్టి చెరువు నింపినావు. అలుగు పారతాంటే అందులో ఏం వేసినా నిలుస్తాదా? కొట్టకపోతాది. రాత్రంతా మేత లేకుంటే లోపల పారుదల నెమ్మదిగా ఉంటాది, మందు నిలబడతాది."

"సరే. మరి మైలుతుత్తం?"

"అది ఇంగా పెద్దది. పాలు తాగే పిల్లకు పాలు పెద్ద పొట్టలో పడితే పులిసిపోతాయి. అందుకని గొంతు నుంచి కింది పొట్టకు నేరుగా ఒక కాలువ ఉంటాది. పిల్ల పాలు చప్పరిస్తానే దాని రెండు అంచులూ మూసుకుని గొట్టం అయితాది. పెద్దదైనాక అది ఊరికే ఉంటాది. కానీ గొర్రె నోటికి మైలుతుత్తం తగిలితే పెద్దదైనా సరే, ఆ కాలువ మళ్ళీ మూసుకుంటాది. నువ్వు పోసిన మందు పెద్ద పొట్టను చూడకుండానే నాలుగో దాంట్లోకి జారిపోతాండాది."

నేను ఊరుకోలేదు. "నట్టలు ఉండేది యాడ మేడం?"

"నీ గొర్లకు ఉండే రకం నాలుగో పొట్టలోనే."

"మరి పురుగున్న చోటికే మందు నేరుగా పోతే మంచిదే గదా? నువ్వే చెప్తాండావు, నువ్వే కాదంటాండావు."

ఆమె తొట్టి అంచు మీద నుంచి లేచింది. "మీ ఊరి దగ్గర బస్సు ఆపడం లేదని అర్జీలో కూడా రాసినావు గదా. బస్సు మీ ఊరి మీద నుంచే పోతాది. నిలబడకుండా పోతే నీకేం లాభం? ఈ మందూ అంతే. ఒక్క తూరి మీద పడితే పురుగు చావదు. దాని పక్కన శానాసేపు ఉండాల. నాలుగో పొట్టలో యాడ నిలబడతాది? గబగబా దిగి పేడతో బయటికి పోతాది. పెద్ద పొట్ట నుంచి ఊరుతా వస్తాంటేనే నాలుగో దాంట్లో కూడా ఎప్పుడూ మందు ఉంటాది."

బస్సు మాట నాకు అర్థమైంది. అయినా ఒప్పుకోలేదు. కంటికి కనపడని కాలువ గురించి ఎవరైనా ఏమైనా చెప్పవచ్చు.

అప్పటికి బావ కూడా వచ్చి వల పట్టుకుని వింటున్నాడు. డాక్టరమ్మ ఆయన వైపు తిరిగి, "నువ్వు పరగడుపున తాపుతాండావంట, నోరు తడపవంట. తెలీకుండానే మంచిపని చేస్తాండావు" అంది.

"తెలీకుండా ఏంది మేడం? తెలిసే చేస్తాండా. ఖాళీ కడుపున అయితేనే మందు పట్టేది. మా నాయన కాలం నుంచీ ఉండేదే" అన్నాడు. టీ కోసం, పేక కోసం పడిన తొందర ఒక్క క్షణంలో వాళ్ళ నాయన తెలివైపోయింది. నేను నోరు తెరవబోయాను. అంతలో డాక్టరమ్మే అడిగింది.

"అదో ఆ పెయ్య నీదేనా? ఎదిగినట్లు లేదే. దానికి మందు ఎట్ల తాపుతావు?"

"దానికా? ఉప్పునీళ్ళలో కలిపి సీసాతో పోస్తా. ఉప్పంటే ప్రాణం దానికి, చప్పరించుకుంటా తాగుతాది."

"గొర్రెకు మైలుతుత్తం ఏం చేస్తాదో, పెయ్యకు ఉప్పు అదే చేస్తాదన్నా. పడుచు పశువులకు మరీ. ఈసారి ఉప్పు లేకుండా తాపు."

బావ వల మీది ముడి ఒకటి విప్పి, మళ్ళీ కట్టి, హోటలు వైపు వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం పొద్దున్నే కోయిలకుంట్లలో మాకు ఎప్పటి నుంచో తెలిసిన మటన్ కొట్టుకు పోయాను. కొట్టు సాయబు నా భర్తతో కలిసి బడికి పోయినవాడు, నన్ను వదినా అంటాడు. కడగకముందు ఒక పొట్ట మొత్తం నాకు విప్పి చూపించమన్నాను.

"బోటి కావాలంటే ఇస్తా వదినా, చదువుకునేదానికి కావాలంటే బడికి పో" అన్నాడు.

"కొనేదానికే వచ్చినా. ముందు చూపీ."

బేరం ఎక్కువగా ఉన్న వేళ అయినా చూపించాడు. అరిటాకు మీద పరిచి, పెద్ద పొట్ట పక్కనే తేనెపట్టులాంటి గళ్ళు ఉన్న చిన్న పొట్టను కత్తితో చీరి తెరిచాడు. గొంతు గొట్టం వచ్చి కలిసే చోటు నుంచి కిందికి, ఆ గళ్ళ మధ్యలో ఒక గాడి ఉంది. దానికి అటూ ఇటూ రెండు మందమైన అంచులు, పెదవుల్లా. వేలు పెట్టి ఒత్తితే రెండూ ఒకదాని మీదికి ఒకటి వచ్చాయి. వేలు జరిపితే నేరుగా కింది అర దారిలోకి పోయింది. పెద్ద పొట్ట పక్కనే ఉండి కూడా నా వేలికి తగలలేదు.

"ఇన్నేండ్లుగా కడుగుతాండా, దీని పేరు నాకు తెలీదు" అన్నాడు సాయబు. "ఏముంది వదినా ఇందులో?"

"నా పరువు ఉండాది" అన్నాను.

నాలుగో పొట్ట కూడా చీరమన్నాను. దాని మడతల్లో సన్నని ఎర్ర దారాల్లాంటివి కదులుతున్నాయి. సాయబు దాన్ని దూరంగా విసిరేశాడు. నేను ఇంటికి వచ్చి డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "కాలువ ఉండాది మేడం, చూసినా. ఇప్పుడు చెప్పు, ఎట్ల తాపాల్నో."

పరీక్షలో నా మంద పేడ నట్టల గుడ్లతో నిండి ఉందని ఆమె అప్పటికే చూసింది. బావ మందలో కొంచెమే ఉన్నాయి. ముందు సాయంత్రం నుంచి మేత ఆపమంది, నీళ్ళు మాత్రం ఉంచమంది. దవడ కింద నీరు దిగిన నాలుగింటిని పస్తు పెట్టవద్దని, వాటిని తానే వచ్చి చూస్తానని చెప్పింది. ఊహ మీద పోయవద్దంది. శనగ మూటలు తూచే కాటాకు గోనె కట్టి, అన్నిటికంటే బరువైన గొర్రెను తూచి, దాన్ని బట్టి మోతాదు చెప్పింది. నేను ఇన్నాళ్ళూ బక్కవని జాలిపడి మందు తగ్గించేదాన్ని. అది కూడా నట్టలకే మేలు చేసిందట. ఈ సంగతులన్నీ ఊరికి మందు పంచే రోజే ఒక్క మాట చెప్పి ఉంటే పోయేదేముంది? అదే అడిగాను. "నువ్వు చెప్పింది నిజమే" అంది. ఆఫీసు మనుషుల నోట ఆ మాట నేను మొదటిసారి విన్నాను.

ఆ సాయంత్రం నాకు కష్టమైంది. గొర్రెలు వల దగ్గరికి వచ్చి నా మొహం చూసి అరిచాయి. అవిసె కొమ్మలు కొట్టి ఉంచుకున్నాను, వేయలేను. నా భర్త వచ్చి, "పస్తు పెడితే అయ్యి తెల్లారేదాకా ఉంటాయా?" అన్నాడు.

"మీ అన్న గొర్లు ఎన్నేండ్ల నుంచి ఉంటాండాయి?" అన్నాను.

"మందు నేను తాపుతాలే. నువ్వు పక్కనుండు. ఎవురైనా ఏమైనా అంటారేమో..."

"గొర్లు నావి. మందు నేనే తాపుతా. నువ్వు తలకాయలు పట్టు."

తెల్లవారాక మొదలుపెట్టాం. మైలుతుత్తం డబ్బా ఇంట్లోనే వదిలేశాను. గొట్టం నాలుక వెనక దాకా పోనిచ్చి, తల మరీ పైకెత్తకుండా, నెమ్మదిగా ఒత్తాను. నా భర్త ఒక్కొక్కదాన్నీ తొడల మధ్య ఇరికించి పట్టాడు. కొన్ని చప్పరించాయి, కొన్ని కొంచెం కక్కాయి. కారిపోయిన చుక్కలను చూస్తే ప్రాణం పోయినట్టయింది. అయినా చెయ్యి ఆపలేదు. చివరి గొర్రెను వదిలాక నా భర్త చేతులు కడుక్కుంటూ, "ఆ రోజు అన్నకు నేను అడ్డం చెప్పాల్సింది" అన్నాడు. విన్నానని తల ఊపాను. మర్చిపోతానని మాత్రం చెప్పలేదు.

నీరు దిగిన నాలుగింటికి డాక్టరమ్మ వచ్చి వేరే తీరున వైద్యం చేసింది. ఒకటి దక్కలేదు. మూడు దక్కాయి.

రెండు వారాల తర్వాత ఆమె మళ్ళీ పేడ పట్టుకుపోయింది. మర్నాడు ఫోన్ చేసి, "అమ్మా, వెతుకుతాండా, వెతుకుతాండా, గుడ్లు కనపడటం లేదు" అంది. అద్దం తుడిచి మళ్ళీ చూడమన్నాను. తుడిచే చూశానంది. అప్పటికే నాకు తెలుసు నిజానికి. రెప్పల లోపల ఎరుపు వస్తోంది. దొడ్డి తెరవగానే ముందు నడిచేవి, వెనకబడేవి అని తేడా లేకుండా అన్నీ ఒకేసారి తోసుకుంటున్నాయి. ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. పొద్దున మంచు తడి ఆరేదాకా కాలువ గట్టుకు తోలవద్దు, మెట్ట మీద కోత అయిపోయిన చేలకు తోలు, అని.

వ్యాపారి మాట ఇచ్చిన గడువుకే వచ్చాడు. ట్రాలీ ఆటో దొడ్డికి ఆనించి, లోపలికి చూసి, "ఇవేనా ఆ పొద్దు చూసినవి?" అన్నాడు. బాగున్నాయని ఆయన కన్ను చెబుతోంది, నోరు చెప్పదు.

"అవే. అమ్మడం లేదు" అన్నాను.

"ఏమ్మా, మాటిచ్చి తప్పుతారా?"

"మాటిచ్చినోడు ఆడ నిలబడుకోనుండాడు, తోలకపో ఆయప్పను. గొర్లు మాత్రం నావి."

వ్యాపారి నా భర్తను చూశాడు. ఆయన నేల చూశాడు, ఆ తర్వాత తల ఎత్తి, "ఆమెను అడక్కుండా చెప్పినాలేప్పా. తప్పు నాదే. టీ తాగి పో" అన్నాడు. వ్యాపారి చాలాసేపు గొణిగాడు. చివరికి బావ దగ్గర రెండు ముసలి గొర్రెలు కొనుక్కుని పోయాడు.

పొట్టేలు కోసం నేను బావను అడగలేదు. వల అవతల ఉండి అది నా గొర్రెల వైపు చూస్తూనే ఉన్నా అడగలేదు. మటన్ కొట్టు సాయబు దగ్గర ఒక నెల్లూరు పొట్టేలు ఉంది. మంచి ఎత్తు, కోయడానికి మనసు రాక ఉంచుకున్నాడు. "తోలకపో వదినా, ఈడ ఉంటే ఎప్పుడో ఒగరోజు మనసొస్తాది నాకు" అన్నాడు. దాన్ని మెట్ట చేలకు నా మందతోపాటే తోలాను. ఎండలు ముదిరేలోపు గొర్రెలు చాలావరకు చూలు కట్టాయి. మళ్ళీ వానలు పడేనాటికి దొడ్డిలో పిల్లల అరుపులతో మాట వినపడేది కాదు.

మందు పంచే రోజు పరగడుపు సంగతి చాటింపు వేయించమని ఇంకో అర్జీ రాశాను. జవాబు రాలేదు. డాక్టరమ్మ మాత్రం మా ఊరి రచ్చబండ దగ్గర నిలబడి తానే చెప్పి వెళ్ళింది. జవాబు వచ్చేదాకా రాస్తూనే ఉంటాను, అది వేరే సంగతి. ఈలోపు మా వీధిలో మేకలున్న ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి, "మాయి కూడా నువ్వే తాపక్కా" అన్నారు. ఇద్దరిలో ఒకామె ఆ ఏడాది మామిడికాయ పెట్టి నన్ను పిలవని మనిషి. నాకు గుర్తుంది. అయినా తాపాను.

ఈ ఏడాది మందు వచ్చాక ఒక తెల్లవారు నా మంద ముగించి గొట్టం కడుగుతున్నాను. వల అవతల బావ దొడ్డి ఇంకా మూసే ఉంది, ముందు రాత్రి మేత వేసిన గుర్తు లేదు. హోటలు వేళ దాటిపోయినా ఆయన అక్కడే ఉన్నాడు. భుజం నొప్పి వల్ల దవడలు తెరవడం ఆయనకు చేతకావడం లేదని ఇంట్లో అనుకోగా విన్నాను. ఆయనే వల ముడి విప్పి, ముందున్న గొర్రెను వెనక కాళ్ళ దగ్గర పట్టి నా వైపు తిప్పాడు.

"దీన్ని ముందు చూడమ్మా. ఇది కొరుకుతాది" అన్నాడు.

గొట్టం నింపుకుని లోపలికి నడిచాను. ఆయన పట్టాడు, నేను తాపాను. మంద మొత్తం అయ్యేసరికి ఎండ ఎక్కింది. రెండు దొడ్లూ తెరిచాక గొర్రెలు కలిసిపోయి మెట్ట వైపు సాగాయి. వాటిని విడదీయడం సాయంత్రానికి వదిలేసి నేనూ వెనకాలే నడిచాను.